పూటకూళ్ళమ్మకు పేరు లేదు

"కన్యాశుల్కం" నాటకం గిరీశం స్వగతంతో మొదలవుతుంది. అందులో అతను ప్రేక్షకులకు చెప్పే మొదటి సంగతుల్లో ఒకటి డబ్బు గురించి. సంతలో సామాను కొనిపెడతానని నెల్లాళ్ళ కిందట పూటకూళ్ళమ్మ దగ్గర ఇరవై రూపాయలు తీసుకుని, ఆ డబ్బంతా మధురవాణి కోసం ఖర్చు పెట్టేశాడు. 1892లో తొలిసారి రంగస్థలం ఎక్కి, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా తిరగరాయబడిన ఈ నాటకం గురించి ఇప్పటికి ఎన్ని వ్యాసాలు, ఎన్ని పరిశోధనలు వచ్చాయో లెక్కలేదు. గిరీశం మోసగాడని అందరం రాశాం. మధురవాణి వ్యక్తిత్వం మీద పుటలు పుటలు రాశాం. కానీ ఆ ఇరవై రూపాయలు ఎవరివి, ఎలా కూడబెట్టినవి అని అడిగినవాళ్ళు తక్కువ.

అవి పూటకూళ్ళమ్మ పెట్టుబడి. బియ్యం, పప్పు, నూనె, చింతపండు, వంటచెరకు కొనుక్కోవడానికి దాచుకున్న డబ్బు. ఆ రోజుల్లో ఇరవై రూపాయలు చిన్న మొత్తం కాదు. ఆ సొమ్ము పోతే మర్నాడు పొయ్యి మీద ఎసరు పెట్టడమే కష్టం. ఆమె చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికి వచ్చినప్పుడు మనం నవ్వుతాం. నాటకం ఆడిన ప్రతి చోటా ఆ సీనుకు జనం పడిపడి నవ్వుతారు. ఆమెను మోసపోయిన ఉంపుడుకత్తెగా చూస్తాం గాని, పెట్టుబడి పోగొట్టుకున్న వ్యాపారిగా చూడం. ఇంకొక సంగతి. బుచ్చమ్మకు, మీనాక్షికి, వెంకమ్మకు, మధురవాణికి పేర్లున్నాయి. ఈమెకు లేదు. ఆమె చేసే పనే ఆమె పేరు.

బాటసారికి కడుపునిండా అన్నం, తల దాచుకునే చోటు ఇచ్చిన ఆడవాళ్ళ చరిత్ర మనకు ఉందా అని వెతికితే, ముందు ఎదురయ్యేది ఈ పేరు లేకపోవడమే. సత్రాలు కట్టించిన రాజులు, రాణుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. అన్నదానం చేసిన గృహస్థుల పేర్లు కావ్యాల్లో ఉన్నాయి. ఎసరు పెట్టినవాళ్ళు, చాప పరిచినవాళ్ళు, అర్ధరాత్రి తలుపు తీసినవాళ్ళు మాత్రం ఎక్కడా కనపడరు.

పుణ్యం ఆయనది, పొయ్యి ఆమెది

అతిథిని ఆదరించడం గృహస్థు ధర్మమని మన ధర్మశాస్త్రాలన్నీ చెప్తాయి. రోజూ చెయ్యవలసిన పంచయజ్ఞాల్లో అది ఒకటి. గృహస్థు అంటే మగవాడు. యజ్ఞఫలం అతనిది. పని ఎవరిదో అడగనక్కర్లేదు.

పెద్దన "మనుచరిత్ర"లో ప్రవరుడు అతిథులంటే ప్రాణం పెట్టేవాడు. ఏ వేళప్పుడు ఎంతమంది వచ్చినా అతని ఇంట్లో అన్నానికి లోటు లేదు. ఎందుకు లేదంటే, వెయ్యిమంది వచ్చినా వండడానికి అలిసిపోని భార్య ఉంది కనక. ఆమెను కవి అన్నపూర్ణతో సమానం చేశాడు. ఈ పోలికను మనం శతాబ్దాలుగా మెచ్చుకుంటున్నాం. అన్నపూర్ణ దేవత కాబట్టి ఆమెకు నడుం నొప్పి రాదు, పొగకు కళ్ళు మండవు, నెలసరి రాదు, బిడ్డ ఏడవదు. మామూలు ఆడమనిషిని అన్నపూర్ణ అనడంలో ఉన్న సౌకర్యం అదే. అలిసిపోయే హక్కు ఆమెకు లేకుండా పోతుంది.

అదే కాలంలో, అదే ఆస్థానం నుంచి వచ్చిన ఇంకొక కావ్యం "ఆముక్తమాల్యద". విష్ణుచిత్తుడి ఇంట్లో కూడా అతిథుల రద్దీయే. నడిరాత్రి వేళ ఆ ఇంటి వైపు చెవి పెడితే, కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేవు, దయచేసి భోంచెయ్యండి అని బతిమాలే మాటలు వినపడతాయట. ఆతిథ్యంలో తప్పనిసరిగా ఉండే ఈ వినయాన్ని, ఈ సంజాయిషీని కృష్ణదేవరాయలు చక్కగా పట్టుకున్నాడు. ఇంకొక ముఖ్యమైన వివరం కూడా ఇచ్చాడు. జడివానలు పట్టిన రోజుల్లో వంటచెరకు తడిసి పొగ చిమ్ముతుంది. అందుకని భార్య కళ్ళల్లోకి పొగ పోకుండా ఆ ఇంట్లో పొయ్యిలోకి కొబ్బరిచిప్పలు వాడారని రాశాడు. మన కావ్యాల్లో వండే మనిషి కళ్ళు మండుతాయని గుర్తించిన చోట్లు ఎన్ని ఉన్నాయో వెతకాలి. నాకు వెంటనే గుర్తొచ్చేది ఇదొక్కటే. ఇక్కడ కూడా ఆమె ఎవరితోనూ ఒక్క మాట అనదు.

సత్రాలు: రాతి మీది దయ

ఇంటి ఆతిథ్యం కాక, ఊరందరికీ చెందిన ఆతిథ్యం సత్రాలది. ఇందులో ఆడవాళ్ళు దాతలుగా కనపడతారు. 1261 నాటి మల్కాపురం శాసనం అందరికీ తెలిసిందే. కాకతి రుద్రమదేవి కాలంలో విశ్వేశ్వర శివాచార్యుడికి ఇచ్చిన మందడం గ్రామం రాబడితో మఠం, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిపారు. అన్నసత్రం తలుపులు బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా అందరికీ తెరిచి ఉండాలని అందులో రాశారు. ప్రసూతిశాల అన్న మాట ఆ రాతి మీద చూస్తే సంతోషం కలుగుతుంది. ఒక స్త్రీ రాజ్యం ఏలుతున్న కాలంలో పురిటిగది పాలనా విషయం అయింది. అయితే అందరికీ తెరిచి ఉండాలని రాయవలసి వచ్చిందంటే, చుట్టుపక్కల తలుపులు అందరికీ తెరిచి లేవనే అర్థం.

మదురై నాయకరాజుల్లో రాణి మంగమ్మ 1689 నుంచి 1706 దాకా మనవడి పేర రాజ్యం చేసింది. ఆమె వేయించిన బాటలు, బాటల పక్కన నాటించిన చెట్లు, కట్టించిన సత్రాలు తమిళదేశంలో ఇప్పటికీ ఆమె పేరుతోనే చెప్పుకుంటారు. తంజావూరులో రెండవ శరభోజి ముక్తాంబ అనే ఆమె జ్ఞాపకార్థం ఒరత్తనాడులో సత్రం కట్టించాడు. అక్కడి సత్రాల గురించి ఆయన 1801లో ఇంగ్లీషు రెసిడెంటుకు రాసిన ఉత్తరం చదవదగ్గది. అన్ని కులాల బాటసారులకూ అన్నం, పసిపిల్లలకు పాలు, జబ్బుపడినవాళ్ళకు మందు, దారిలో పురుడొచ్చిన ఆడవాళ్ళకు సంరక్షణ సత్రంలో జరుగుతాయని ఆయన వివరించాడు. ప్రయాణంలో ఆడమనిషికి ఏం కావాలో తెలిసినవాళ్ళు ఆ సత్రాల వెనక ఉన్నారనిపిస్తుంది. కాని వాళ్ళు ఎవరు? పురుడు పోసిన మంత్రసాని ఎవరు? పాలు కాచిన మనిషి ఎవరు? సత్రానికి ముక్తాంబ పేరు దక్కింది. మిగతావాళ్ళకు ఏ పేరూ దక్కలేదు.

రూకకు భోజనం

డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇళ్ళు మన దగ్గర కొత్తవి కావు. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న "క్రీడాభిరామం"లో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. వాళ్ళకు ఆకలేసినప్పుడు దొరికిన పూటకూటింటి భోజనాన్ని కవి ఎంతో ఇష్టంగా వర్ణించాడు. కప్పురభోగి బియ్యం అన్నం, గోధుమపిండి వంటలు, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఇదంతా ఒక్క రూకకు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1949లో వెలువరించిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"కు ఇలాంటి పద్యాలే ఆధారం. రాజులు చెప్పని చరిత్రను ఆయన పూటకూటి ఇళ్ళల్లో, సంతల్లో వెతికారు. ఆ దారి మనకు చాలా అవసరమైంది.

అయితే ఆ ఇల్లు ఎవరిది? లక్ష్మణవజ్ఝలది. ఇంటిపేరు, మగపేరు రెండూ ఉన్నాయి. భోజనం ధర తెలుసు, నెయ్యి ఎప్పుడు కాచారో తెలుసు, పెరుగు ఎలా తోడుకుందో తెలుసు. ఆ పెరుగు తోడుపెట్టిన చెయ్యి ఎవరిదో తెలియదు. ఓరుగల్లు పూటకూటింటి నుంచి విజయనగరం పూటకూళ్ళమ్మ దాకా నాలుగైదు వందల ఏళ్ళ దూరం ఉంది. మధ్యలో ఎప్పుడో "ఫలానావారి ఇల్లు" కాస్తా "అమ్మ" అయింది. మగవాడి పేరు తొలగిపోయిన చోట ఆడమనిషి పేరు రావాలి గదా. దానికి బదులు వృత్తి పేరు వచ్చింది.

పూటకూళ్ళు అనే మాటలోనే ఆ పని స్వభావం ఉంది. పూట లెక్కన అమ్మే కూడు. తెల్లారకముందే లేవడం, కళ్ళాపి చల్లడం, నూతి నుంచి నీళ్ళు తోడడం, బియ్యం దంచడం, విస్తళ్ళు కుట్టడం, రెండు పూటలా పొయ్యి దగ్గర నిలబడడం. వచ్చినవాడి మూట భద్రంగా ఉంచడం. కోర్టు వాయిదాకు వచ్చినవాడికి పెందలాడే అన్నం పెట్టడం, పరీక్షకు వచ్చిన పిల్లవాడికి దీపం ఇవ్వడం, జ్వరం వచ్చినవాడికి జావ కాచడం. ఎవరు ఎన్ని పూటలు తిన్నారో, ఎంత బాకీ పడ్డారో గుర్తుపెట్టుకోవడం. పైగా అప్పు ఎగ్గొట్టేవాడిని గుమ్మంలో నిలబెట్టి అడిగే ధైర్యం తెచ్చుకోవడం. చదువు రాని చోట ఈ లెక్కలన్నీ ఆమె తలలోనే ఉండాలి. ఇది వంట కాదు, వ్యాపార నిర్వహణ.

డబ్బు తీసుకుంటే ఏమవుతుంది?

ఇక్కడ రెండు పేర్లు తలుచుకోవాలి. తరిగొండ వెంగమాంబ (1730–1817) బాలవితంతువు, కవయిత్రి. తిరుమలలో యాత్రికులకు అన్నదానం చేసింది. 2011లో ప్రారంభమైన తిరుమల నిత్యాన్నదాన భవనానికి ఆమె పేరే పెట్టారు. డొక్కా సీతమ్మ (1841–1909) కోనసీమలోని లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చే బాటసారులకు వేళాపాళా లేకుండా అన్నం పెట్టింది. గన్నవరం దగ్గర కొత్త అక్విడక్టుకు ఆమె పేరుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టింది. వీళ్ళిద్దరూ నిజంగా గొప్పవాళ్ళు. వాళ్ళ గొప్పతనం తగ్గించాలని ఇది రాయడం లేదు.

కానీ ఆలోచించండి. సీతమ్మ, గిరీశం పూటకూళ్ళమ్మ ఇంచుమించు ఒకే కాలంవాళ్ళు. ఇద్దరి పొయ్యీ ఒకటే, పొగా ఒకటే, ఎసరూ ఒకటే. ఒకరు డబ్బు తీసుకోలేదు, ఒకరు తీసుకున్నారు. తీసుకోని ఆమె అపర అన్నపూర్ణ అయింది. తీసుకున్న ఆమె నవ్వులపాలైంది. సీతమ్మకు భర్త ఉన్నాడు, పొలాలున్నాయి, ఇంటి గౌరవం ఉంది. దానం చెయ్యాలంటే ముందు దానం చెయ్యడానికి ఏదైనా ఉండాలి. ఏమీ లేని విధవ తన చేతిపనిని అమ్ముకుంటే, అమ్ముకున్నది అన్నం ఒక్కటేనా అని లోకం అనుమానించింది.

ఈ అనుమానం మనకే పరిమితం కాదు. ఉత్తరదేశపు సరాయిల్లో బాటసారులకు వండిపెట్టి, మంచాలు వేసి, గుర్రాలకు దాణా చూసిన భటియారిన్‌ల గురించి మొగలాయి కాలపు యూరోపియన్ యాత్రికులు రాశారు. కాలక్రమంలో హిందీలో, ఉర్దూలో భటియారిన్ అంటే గయ్యాళి అనే అర్థం స్థిరపడిపోయింది. డబ్బు అడిగే ఆడదానికి గొంతు పెద్దదిగానే వినపడుతుంది కాబోలు. ఆ సరాయిలను దృష్టిలో పెట్టుకుని ఇంగ్లీషువాళ్ళు 1867లో సరాయిల చట్టం చేశారు. సరాయి నడిపేవాళ్ళు మేజిస్ట్రేటు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, శుభ్రత పాటించాలి. సత్ప్రవర్తన పత్రం చూపించకపోతే నమోదు నిరాకరించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. పరుపు శుభ్రంగా ఉందా, నీళ్ళు మంచివేనా అని చూడడం న్యాయమే. ప్రవర్తన మంచిదని ఎవరు సంతకం చెయ్యాలి? ఆడమనిషి ప్రవర్తన గురించి సంతకం చేసే అధికారం ఎవరి చేతుల్లో ఉంటుందో మనకు తెలియనిది కాదు.

అసలు విధవలు ఈ పనిలోకే ఎందుకు వచ్చారు? వేరే దారి లేక. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం పెళ్ళికి అనుమతించింది గాని, మళ్ళీ పెళ్ళి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తి మీద ఉన్న హక్కు తీసేసింది. భర్త ఆస్తిలో విధవకు వాటా చెప్పిన చట్టం 1937లో గాని రాలేదు. అదీ బతికినన్నాళ్ళు అనుభవించే హక్కే. సంపూర్ణ హక్కు 1956లో వచ్చింది. అంతవరకూ మనోవర్తి కోసం బావమరుదుల గుమ్మాల్లో నిలబడాలి, లేదా పుట్టింట్లో వంటమనిషిగా బతకాలి. ఎలాగూ వంటే చెయ్యాలి. అయినవాళ్ళ ఇంట్లో జీతం లేకుండా చేసేకంటే, పట్నంలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని పూటకింత అని చేస్తే కనీసం రూపాయి తన చేతిలో ఉంటుంది. పూటకూళ్ళ ఇల్లు చాలామంది ఆడవాళ్ళకు దిక్కులేనితనం నుంచి పుట్టిన స్వేచ్ఛ.

మా అమ్మమ్మ చెల్లెలు గుంటూరులో కాలేజీ పిల్లలకు రెండు పూటలా భోజనం పెట్టేది. వెనక గదిలో ఇద్దరు ముగ్గురు అద్దెకుండేవాళ్ళు. ఆ ఆదాయంతో ఇద్దరు కొడుకుల్ని ఇంజనీర్లను చేసింది. మా బంధువుల్లో ఎవరిని అడిగినా ఆమె గురించి ఒకటే మాట: "పాపం, నలుగురికి వండిపెట్టి నెట్టుకొచ్చింది." వ్యాపారం చేసిందని ఒక్కరూ అనరు. ఆమె కొడుకులు కూడా అమ్మ "కష్టపడింది" అంటారే గాని "సంపాదించింది" అనరు. ఆమె దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. పేర్లకు బదులు ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు, గుర్తు కింద పూటకొక గీత. ఆమె పోయాక ఆ పుస్తకం ఎవరూ దాచలేదు.

1890ల్లో బెజవాడ నుంచి కటకం దిక్కుగా రైలు దారి పడ్డాక ప్రయాణాలు పెరిగాయి. స్టేషన్ల దగ్గర, కోర్టుల దగ్గర పూటకూళ్ళ ఇళ్ళ పక్కన హోటళ్ళు వెలిశాయి. బోర్డు, గల్లాపెట్టె, బల్లలు, సర్వర్లు వచ్చారు. పెట్టుబడి పెరిగిన చోట యజమాని మగవాడయ్యాడు, వంట మాస్టరూ మగవాడయ్యాడు. వంట ఇంట్లో ఉన్నంతసేపూ ఆడపని. దానికి బోర్డు కట్టగానే అది మగవాడి వృత్తి. పూటకూళ్ళమ్మ వారసులు మెస్సుల పేరుతో సందుల్లో మిగిలారు.

ఎవరికి స్వాగతం?

పూటకూళ్ళ ఇంటిని ఆకాశానికెత్తేముందు ఇంకొక ప్రశ్న వేసుకోవాలి. ఆ ఇంట్లో ఎవరికి విస్తరి వేశారు? ఎక్కువ భాగం బ్రాహ్మణ వితంతువులు నడిపిన ఆ ఇళ్ళల్లో కులం చెప్పకుండా పీట మీద కూర్చోవడం సాధ్యం కాదు. సత్రాల్లో పంక్తులు వేరు, చాలాచోట్ల గుమ్మమే వేరు. అన్ని కులాలకూ అని రాసిన శాసనాన్ని, ఉత్తరాన్ని మనం ప్రత్యేకంగా చెప్పుకోవలసి రావడమే అసలు పరిస్థితికి సాక్ష్యం.

అంబేడ్కర్ రాసుకున్న అనుభవం ఒకటుంది. 1917లో విదేశాల్లో చదువుకుని బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్ళారు. హిందూ హోటల్లో చోటు దొరకదని తెలిసి, పార్శీ పేరు పెట్టుకుని ఒక పార్శీ సత్రంలో దిగారు. మేడ మీద పాత సామాను మధ్య ఒంటరి గది. రాత్రి చదువుకోవడానికి సత్రం మనిషి ఇచ్చిన చిన్న లాంతరు తప్ప వెలుగు లేదు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చిన పార్శీలు ఆయన్ని గదిలోంచి వెళ్ళగొట్టారు. ఆ రోజు ఆ ఊళ్ళో స్నేహితులు కూడా ఆయనకు చోటు ఇవ్వలేకపోయారు. ప్రయాణికుడికి సౌకర్యం అంటే పరుపు, దీపం, వేడినీళ్ళు అని మనం అనుకుంటాం. అంతకంటే ముందు కావలసింది, అసలు పేరు చెప్పి గుమ్మం దాటగలగడం.

ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్ళకు ఇది వేరే రూపంలో తెలుసు. ఒక సెమినారుకు వెళ్ళి రాత్రి తొమ్మిదింటికి ఒక పట్నంలో లాడ్జి అడిగితే, గుమాస్తా నా వెనక్కి చూశాడు. వెనక ఎవరూ లేరు. "ఫ్యామిలీలకే ఇస్తామండీ" అన్నాడు. విశ్వవిద్యాలయం గుర్తింపు కార్డు చూపించినా ప్రయోజనం లేకపోయింది. తోడు మగవాడుంటే తప్ప ఆడమనిషి కుటుంబం కింద లెక్కకు రాదు. ఆ రాత్రి ఒక టీచరు ఇంట్లో, ఆమె ఎవరో అంతకుముందు నాకు తెలియదు, చోటు దొరికింది. ఆమె మొట్టమొదట చూపించింది లోపలి గడియ. తరవాత స్నానాల గది, అందులో లైటు స్విచ్చి ఎక్కడుందో, రాత్రి మంచినీళ్ళు ఎక్కడుంటాయో. తడిబట్టలు ఆరేసుకునే తాడు చూపించి, అడగకముందే కాగితంలో చుట్టిన నాప్కిన్ల పొట్లం అలమర్లో ఉందని చెప్పింది. ఏ హోటలూ ఇంత క్రమంగా ఆలోచించగా నేను చూడలేదు. ప్రయాణాల్లో తాను పడిన ఇబ్బందులన్నీ గుర్తుపెట్టుకున్న మనిషి మాత్రమే అలా ఆలోచించగలదు.

నక్షత్రాల కాలం

ఇప్పుడు పూటకూళ్ళ ఇల్లు కొత్త పేరుతో తిరిగొచ్చింది. హోమ్‌స్టే అంటున్నారు. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దె కట్టలేని ఇద్దరు కుర్రవాళ్ళు తమ ముందుగదిలో గాలిపరుపులు వేసి, సమావేశానికి వచ్చినవాళ్ళకు చోటు, ఫలహారం అమ్మారు. 2008లో అదే ఎయిర్‌బీఎన్‌బీ కంపెనీ అయింది. ముందుగదిలో పరుపు వేసి డబ్బు తీసుకోవడం కొత్త ఆవిష్కరణగా ప్రపంచమంతా మెచ్చుకుంది. మన సందుల్లోని విధవలు అదే పని చేసినప్పుడు దాన్ని ఎవరూ ఆవిష్కరణ అనలేదు. 2016లో ఆ కంపెనీ గుజరాత్‌లోని సేవా సంస్థతో కలిసి గ్రామీణ స్త్రీలకు ఇళ్ళను అతిథులకు సిద్ధం చెయ్యడంలో శిక్షణ మొదలుపెట్టింది. అరకులో, కోనసీమలో, కూర్గులో ఎన్నో ఇళ్ళ ముందు ఇప్పుడు బోర్డులు కనపడతాయి.

ఇందులో మంచి లేదని అనలేం. ఆడమనిషి ఇల్లు వదలకుండా, ఎవరి కిందా పని చెయ్యకుండా, తనకు బాగా వచ్చిన పనికి ధర కట్టగలుగుతోంది. చుట్టానికి వండి పక్క వేస్తే ఆ పని జాతీయాదాయం లెక్కల్లో ఉండదు. అదే పని డబ్బిచ్చే అతిథికి చేస్తే లెక్కలోకి వస్తుంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే స్త్రీలు జీతం లేని ఆ పని మీద రోజుకు సగటున 299 నిమిషాలు గడిపారు. మగవాళ్ళలో ఆ పని చేసేవాళ్ళు గడిపింది 97 నిమిషాలు. ఈ 299 నిమిషాల్లో కొన్నిటికైనా ధర పలకడం చిన్న సంగతి కాదు.

కానీ అడగవలసినవి ఉన్నాయి. ఇల్లు ఎవరి పేర ఉంది? లైసెన్సు ఎవరి పేర? డబ్బు పడే బ్యాంకు ఖాతా ఎవరిది? ఫోనులో బుకింగులు చూసేది ఎవరు, తెల్లవారుజామున దుప్పట్లు ఉతికేది ఎవరు? ఆ ఇంటి ఆడవాళ్ళతో బాటు గిన్నెలు తోమే పనిమనిషికి అతిథి వచ్చిన రోజున కూలి పెరుగుతుందా? "క్రీడాభిరామం"లో లాగా బోర్డు మీద వజ్ఝలవారి పేరు, పొయ్యి దగ్గర పేరు లేని మనిషి అయితే ఆరువందల ఏళ్ళలో మారిందేమిటి?

ఇంకొకటి, నవ్వు. ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమాన పరిచారికల గురించి రాస్తూ, నవ్వడం, ఓర్చుకోవడం, ఆప్యాయత చూపడం కూడా జీతం కోసం చేసే పనే అని చెప్పి దానికి భావోద్వేగ శ్రమ అని పేరు పెట్టింది. హోటల్లో ఆ శ్రమ డ్యూటీ దిగగానే ఆగుతుంది. ఇంట్లోనే అతిథి ఉంటే డ్యూటీ దిగడం అంటూ లేదు. వెళ్ళినవాళ్ళు ఎన్ని నక్షత్రాలు వేస్తారో అన్న భయం మర్నాటి దాకా ఉంటుంది. ఇల్లు శుభ్రంగా ఉందన్న మెప్పుతో బాటు "ఆవిడ సొంత అమ్మలా చూసుకుంది" అన్న మెప్పు వస్తుంది. చదివిన ప్రతిసారీ నాకు పెద్దన గుర్తొస్తాడు. అమ్మ అనిపించుకున్న మనిషి బిల్లు ఇవ్వడానికి, అర్ధరాత్రి టీ అడిగితే ఇక వీలుకాదని చెప్పడానికి సిగ్గుపడుతుంది. డబ్బు తీసుకుంటూనే అన్నపూర్ణగా ఉండమనడం ఈ కాలం పెట్టిన కొత్త షరతు.

ఆతిథ్యాన్ని ఆడవాళ్ళ సహజ గుణంగా పొగడడం ఇక చాలు. అది నేర్చుకున్న విద్య, పడిన శ్రమ, పెట్టిన పెట్టుబడి. విద్యగా చూస్తే నేర్పినవాళ్ళకు గౌరవం ఇవ్వాలి. శ్రమగా చూస్తే పనిగంటలు, కూలి, సెలవు మాట్లాడాలి. పెట్టుబడిగా చూస్తే ఆస్తిహక్కు, అప్పు, ఖాతా మాట్లాడాలి.

మన విశ్వవిద్యాలయాల్లో స్త్రీల అధ్యయన కేంద్రాలున్నాయి. పరిశోధక విద్యార్థులున్నారు. రాజమండ్రి, గుంటూరు, వరంగల్లు, కర్నూలు సందుల్లో మెస్సులు నడిపి ఇప్పుడు ఎనభైలు, తొంభైలు దాటిన ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. పూటకు ఎంత తీసుకున్నారు, బియ్యం అప్పు ఎవరిచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు, ఏ కులంవాళ్ళను ఏ గదిలో కూర్చోబెట్టారు, ఏ రాత్రి ఎవరి కోసం తలుపు తీశారు, ఎవరికి తియ్యలేదు – వాళ్ళనే అడిగి రాసుకోవాలి. గీతలతో నిండిన నోటుపుస్తకాలు ఏ ఇంట్లోనైనా మిగిలి ఉంటే చిత్తుకాగితాల వాళ్ళకు వెయ్యకముందే తీసుకోవాలి. ప్రతి సంభాషణా ఒక్క ప్రశ్నతో మొదలుపెడితే చాలు: "అమ్మా, మీ పేరేమిటి?"